పాదాల వెచ్చదనం

నర్సింగ్ కాలేజీలో ఇంటర్వ్యూకి లోపలికి పంపే ముందు అందరి ఫోన్లూ ఒక ప్లాస్టిక్ బుట్టలో పెట్టించుకున్నారు. బయటికొచ్చి నాది వెతుక్కుని ఆన్ చేసేసరికి అంకుల్ నుంచి మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అంకుల్ అంటే మా ఇంఛార్జమ్మ భర్త, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన తనంతట తాను ఎవరికీ ఫోన్ చేయరు. అందుకే తిరిగి చేయకముందే నాకు సంగతి తెలిసిపోయింది.

"మీ ఇంఛార్జమ్మ పోయింది బిడ్డా," అన్నారాయన. "పొద్దుగాల చాయ్ తాగింది. ఆ పిల్ల బయలెల్లిందా అని అడిగింది. ఎల్లిందని చెప్పిన. మంచిగ కండ్లు మూసుకున్నది. నిద్రపోతున్నదనుకున్న."

ఆ కాలేజీ వరండాలో గోడకి ఆనుకుని కింద కూలబడ్డాను. తన వంతు కోసం ఎదురుచూస్తున్న ఒక అమ్మాయి నా మొహం చూసి ఇంటర్వ్యూ పాడైందనుకుంది. "పర్లేదులే అక్కా, వచ్చే ఏడు మళ్లీ రాయొచ్చు," అని ఓదార్చింది. నిజానికి ఇంటర్వ్యూ బాగా జరిగింది. నా ఏడుపు కూడా అదే. లోపల నేను చెప్పి వచ్చిందంతా ఆవిడ గురించే. నేను చెప్పేటప్పటికే ఆవిడ లేరు.

మెట్టుగూడ దగ్గర ఒక మోస్తరు ఆసుపత్రిలో ఆవిడ ఐసీయూకి ఇంఛార్జి సిస్టర్. ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టర్ల దాకా అందరికీ ఇంఛార్జమ్మే. ఆఖరికి వాళ్లాయనకి కూడా. బీఎస్సీ నర్సింగ్ అవగానే నేను ఆవిడ కింద చేరాను. రోజూ మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వేలాడుతూ వచ్చేదాన్ని. మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. నా మాటల్లో ‘అండీ’లు ఎక్కువ. మొదటి వారంలోనే ఆవిడ దొరకబుచ్చుకున్నారు. "ఏందే, పేషెంటు పోతుంటే సుత ‘కొంచెం ఆగండీ’ అంటవా?" అన్నారు. వార్డంతా నవ్వింది. నాకు కోపమొచ్చింది. నాకు కోపం త్వరగానే వస్తుంది, ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

మీలో ఎవరైనా ఐసీయూ లోపల చూసి ఉంటే తెలుస్తుంది. డ్యూటీ మారి మంచం దగ్గరికి రాగానే ఎవరి కళ్లయినా ముందు మానిటర్ మీదికే పోతాయి. ఇంఛార్జమ్మ మాత్రం మంచానికి కాళ్ల వైపు నుంచి వచ్చేవారు. దుప్పటి అంచు పైకి తీసి, పేషెంటు రెండు పాదాలనూ రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడేవారు. తరవాత చెయ్యి మెల్లగా చీలమండ మీదికి, పిక్క మీదికి జరుపుతూ వెచ్చదనం ఎక్కడ మొదలవుతుందో చూసేవారు. ఆ తరవాతే తలెత్తి మానిటర్ చూడ్డం. మా చేతా అలాగే చేయించారు. "మిషన్ సుత చెప్తది బిడ్డా, చెప్పదని కాదు. కాళ్లు జెర ముందు చెప్తయి," అనేవారు. రక్తం చాలకపోతే శరీరం కాళ్లకి పంపేది తగ్గించి గుండెకీ మెదడుకీ దాచుకుంటుందని పుస్తకంలో మేమూ చదివాం. చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అది మా చేతులకి ఎక్కింది మాత్రం ఆవిడ దగ్గరే.

మన ఇళ్లల్లో ఒకళ్ల కాళ్లు ఒకళ్లు పట్టుకోవడమంటే మాటలా? ముసలివాళ్లు ఒంట్లో ఓపిక లేకపోయినా సరే చటుక్కున కాళ్లు ముడుచుకునేవాళ్లు. "పెద్దమనిషివి, నా కాళ్లు ముట్టకు తల్లీ, నాకు పాపం తగుల్తది," అని బతిమాలేవాళ్లు. ఆవిడ వదిలేవారు కాదు. "ఆ పాపమంత నా ఖాతల రాయి పెద్దయ్యా. నువ్వు జెర కాలియ్యి."

ఒకరోజు పొద్దున ఒక పెద్దాయన కోడలు మామగారిని చూడ్డానికి వచ్చింది. అద్దంలోంచి లోపలికి చూస్తే ఆయన కదలకుండా పడుకుని ఉన్నాడు. కాళ్ల దగ్గర మా ఇంఛార్జమ్మ రెండు పాదాలూ పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నారు. ఆ పిల్ల ఇంకేమనుకుంటుంది? పెద్దాయన పోయాడు, సిస్టరమ్మ ఆఖరి దండం పెట్టుకుంటోంది అనుకుంది. అక్కడే "మామా" అని బోరుమంది. బయట బెంచీల మీదున్న బంధువులు ఆమెకి జత కలిశారు. ఎవరో అప్పుడే ఊరికి ఫోన్ చేసి, అందరూ బయలుదేరండని కూడా చెప్పేశారు. ఆ గోలకి పెద్దాయనకి మెలకువ వచ్చింది. "ఎవలు పోయిండ్రు?" అని అడిగాడు.

"ఎవ్వలు పోలే పెద్దయ్యా. నీ కాళ్లు మంచిగ వెచ్చగున్నయి. ఇడ్లి తింటవా?" అన్నారు ఇంఛార్జమ్మ. తరవాత ఆ కోడల్ని లోపలికి పిలిచి, చేతులు కడిగించి, ఆయన పాదాలు పట్టించారు. "చూడు, పోయినోళ్ల కాళ్లు గిట్లుంటయా?" ఆ పిల్ల సిగ్గుపడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ చాలాసేపు ఆ పాదాలు వదల్లేదు. ఆయన డిశ్చార్జి అయ్యేదాకా రోజూ పొద్దున్నే వచ్చి ముందు కాళ్లే పట్టుకుని చూసేది.

అందరూ ఆయనలా ఇంటికి వెళ్లరు. నా చేతుల్లో మొదటిసారి ఒక పేషెంటు పోయింది ఒక మధ్యాహ్నం పూట. ఒక ముసలమ్మ. పోయినవాళ్లని ఇంటివాళ్లకి అప్పగించే ముందు కళ్లు మూయాలి, దవడకి కట్టు కట్టాలి, కాళ్లు బారజాపి బొటనవేళ్లు రెండూ కలిపి, గాయాలకి కట్టే గాజుగుడ్డ పేలికతో కట్టాలి. నేను ఏడుస్తూ ఆ పని త్వరగా ముగించి బయటపడాలని చూస్తున్నాను. ఇంఛార్జమ్మ పక్కన నిలబడి ప్రతి పనికీ ముందు ఆ ముసలమ్మకి చెబుతున్నారు. "అమ్మా, కండ్లు మూస్తున్న. అమ్మా, జెర ఇటు తిప్పుతున్న." బతికున్నప్పుడు ఎలా మాట్లాడారో అదే గొంతుతో. నేను వేళ్లు కట్టి ముడి బిగిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"గట్టిగ కట్టకు బిడ్డా. వదులు చెయ్యి."

"ఆవిడకి తెలుస్తుందా అమ్మా?" అన్నాను, కాస్త విసుగ్గానే.

"ఆమెకు తెల్వది. నీ చేతికి తెలుస్తది. ఇయ్యాల గిట్ల బిగించుడు అలవాటైతే రేపు బతికున్నోళ్లకు సుత గట్లనే కడ్తవు."

ముడి విప్పి మళ్లీ కట్టాను. ఆ తరవాత ఎంతమందికి కట్టానో గాని, ఒక్కసారి కూడా బిగించలేదు.

నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేయాలని నాకు కాలేజీలో ఉన్నప్పటి నుంచే కోరిక. మా అమ్మకి అదేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు. "డాక్టరువా, నర్సువా, ఏదో ఒకటి సరిగ్గా చెప్పవే, అడిగినవాళ్లకి నేనేం చెప్పను?" అంటుంది. ఒకసారి ఇంఛార్జమ్మే ఫోన్‌లో మా అమ్మకి చెప్పారు. "అమ్మా, డాక్టర్ రౌండ్‌కొచ్చి చూసి పోతడు. నర్సు మంచం కాడ ఉంటది. ఆ ఉండేటోళ్లకే ఇంకింత చదువు చెప్పి, ఇంకింత చెయ్యనిస్తరు. గంతే." కాలేజీ వాళ్లు అచ్చేసిన రంగుల బ్రోచర్లు చాలానే చదివాను. వాటిలో ఇంత తేటగా ఎక్కడా లేదు.

ఆ కోర్సుకి ఐసీయూలో కొంతకాలం పనిచేసిన అనుభవం ఉండాలి. అర్హతకి సరిపడా కాలం నిండిందో లేదో, నేను సర్టిఫికెట్ కోసం ఆవిడ బల్ల ముందు నిలబడ్డాను. ఆవిడ కాదనలేదు. "రేపే సంతకం పెట్టిస్త. అది నీ హక్కు. ఒక్క ముచ్చట చెప్పు, ఆ మూల మంచం ఆమె కాళ్లు ఇయ్యాల ఎట్లున్నయి?"

"వెచ్చగానే ఉన్నాయమ్మా, చూసే వచ్చాను."

"మరి నిన్న?"

నిన్నా నేనే చూశాను. కానీ ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఇయ్యాల్టిది చూసెటోళ్లు శానమంది ఉంటరు బిడ్డా. నిన్నటిది యాదికుంచుకునెటోళ్లే తక్వ. ఆ కోర్సుల మందు ఎట్ల రాయాల్నో నేర్పుతరు. గిది మాత్రం ఏ కోర్సుల దొరకది. మంచం కాడ్నే దొరుకుతది," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులో మల్కాజ్‌గిరి దాకా ఆవిడని తిట్టుకుంటూనే వెళ్లాను. నాతో చదివిన పిల్లలు అప్లికేషన్లు పెట్టేసుకుంటున్నారు. సర్టిఫికెట్ చేతికొచ్చినా నేను ఆ ఏడు పెట్టలేదు. ఆవిడ మాట మీద గౌరవంతో ఆగానంటే బాగుండును గాని, ఆగింది పంతంతో. ప్రతి మంచం, ప్రతి కాలు, నిన్న, మొన్న, అన్నీ గుర్తుపెట్టుకుని ఈవిడ నోరు మూయిస్తాను అనుకున్నాను. పైయేడు కూడా అలాగే గడిచిపోయింది. మధ్యలో ఎప్పుడో పంతం సంగతి మరిచిపోయాను. పని మిగిలింది.

అప్పుడు వచ్చిందొకావిడ, బట్టలు కుట్టుకుని బతికే మనిషి, కడుపుకి ఆపరేషన్ చేయించుకుని. ఆపరేషన్‌కి ముందు మెట్టెలు తీయించారు కదా, ఆవిడకి నొప్పి కన్నా ఆ దిగులే ఎక్కువ. "సిస్టరమ్మా, మెట్టెలు జాగ్రత్తనేనా?" అని ఊరికే అడిగేది. మెట్టెలున్న చోట వేలి చుట్టూ తెల్లటి గీత. ముందురోజు ఆ వేళ్లు కొసల దాకా వెచ్చగా ఉన్నాయి. మర్నాడు పొద్దున మానిటర్లో అంకెలు పెద్దగా మారలేదు. ఆవిడ నవ్వింది కూడా. కానీ పాదాలు చీలమండల దాకా చల్లబడి ఉన్నాయి. నేను డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను. ఆయన వెంటనే వచ్చి తనూ చేత్తో చూశారు, కడుపు చూశారు, సర్జన్‌ని పిలిపించారు. మధ్యాహ్నానికల్లా ఆవిడని మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. లోపల కుట్టు ఒకటి వదిలిందట. ఆవిడ బతికింది. కాళ్లకి మెట్టెలు పెట్టుకునే ఇంటికి వెళ్లింది.

ఇంఛార్జమ్మ నన్ను మెచ్చుకోలేదు. తినేటప్పుడు తన డబ్బాలోని సర్వపిండి సగం విరిచి నాకు పెట్టి, "ఇగ పెట్టు అప్లికేషన్," అన్నారు. నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

నేను అప్లికేషన్ పెట్టేలోపే ఆవిడ రిటైరయ్యారు. నా అప్లికేషన్‌తో పాటు పంపాల్సిన వ్యాసం పట్టుకుని లాలాగూడలో వాళ్లింటికి వెళ్లాను. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెప్పించుకుని విన్నారు. చిన్నతనం నుంచీ రోగులకి సేవ చేయాలని తపించిపోయానని రాసుకున్నాను, నెట్‌లో చూసి.

"చిన్నప్పటి సంది తపనుండెనా? ఇంజినీరింగ్ల సీటు రాక గిట్లొచ్చినవని మీ అమ్మనే చెప్పె కద."

"అందరూ అలాగే రాస్తారమ్మా."

"గదే మరి. చదివెటోళ్లకెంత తక్లీఫ్. ఆ మెట్టెలామె ముచ్చట రాయి."

అంకుల్ చాయ్ కప్పులు పట్టుకుని నిలబడే నవ్వారు. నేను పాతది చించి పారేసి ఆ మెట్టెలావిడ గురించి రాశాను. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది ఆ వ్యాసానికే.

పిలుపు వచ్చేనాటికి ఆవిడ గుండె బలహీనపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రిలో ఉండి వచ్చారు. చేయగలిగింది చేశామని డాక్టర్లు చెప్పాక, ఇక ఇల్లు కదలనని ఆవిడే తేల్చేశారు. ఇంటర్వ్యూకి ముందు ఆదివారం వెళ్తే ముందు గదిలో మంచం మీద దిండ్లకి చేరబడి కూర్చుని ఉన్నారు. నేను కాళ్ల వైపు కూర్చుని దుప్పటి తీశాను. ఆవిడ చటుక్కున కాళ్లు వెనక్కి తీసుకోబోయారు, మా వార్డులో ముసలివాళ్లలాగే.

"ఆ పాపం నా ఖాతాలో రాసుకోండి," అన్నాను. నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది.

పాదాలు వాచి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట ఎంతకీ పూడలేదు. వాపు ముందే ఉంది, అది నాకు తెలుసు. చల్లదనమే కొత్తది. నేను దుప్పటి కప్పేశాను.

"ఏం చెప్పినయి నా కాళ్లు?" అని అడిగారు.

"ఏం లేదమ్మా. కొంచెం వాపు."

"నాకే చెప్తున్నవా అబద్ధం? పోయిన వారం ఎట్లుండె, ఇయ్యాల ఎట్లున్నయి?"

"పోయిన వారం వెచ్చగా ఉండేవమ్మా," అన్నాను. వలవలా ఏడ్చేశాను.

"శాబాష్. యాదికుంచుకున్నవ్," అన్నారు. నా తల మీద చెయ్యి వేయడానికి ఆవిడకి అంత దూరం వంగే ఓపిక లేదు. దుప్పటి కింద పాదంతో నా చేతిని మెల్లగా తట్టారు.

ఇంటర్వ్యూకి వెళ్లను, ఇక్కడే ఉంటానన్నాను. "నువ్వు ఈడ కూసుంటే నా గుండె గట్టిపడ్తదా? పరేషాన్ చెయ్యకు, పో. రిజల్ట్ మాత్రం ముందు నాకే చెప్పాలె. మీ అమ్మకు తర్వాత," అన్నారు. ముందు ఆవిడకే చెబుతానని మాటిచ్చాను. అందుకే వెళ్లాను.

లోపల ముగ్గురు కూర్చున్నారు. "అర్హత రాగానే చాలామంది వచ్చేస్తారు. మీరు ఇన్నాళ్లు బెడ్‌సైడ్‌లోనే ఎందుకున్నారు?" అని అడిగారు. నిన్నటి కాళ్లు గుర్తులేక ఆగిపోయానని చెప్పాను. ఆవిడ కాళ్ల వైపు నుంచి ఎలా వస్తారో, ఎలా పట్టుకుంటారో, నా చేతులతో బల్ల మీద చూపించాను. వాళ్లలో పెద్దావిడ ఒకరు ఆసక్తిగా, "ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?" అన్నారు. "లాలాగూడలో మేడమ్. ఇంట్లోనే ఉన్నారు," అన్నాను.

సీటు వచ్చింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆవిడ పదకొండో రోజు కూడా అయిపోయింది. ముందు ఆవిడకే చెప్పాలి కదా. మా అమ్మకి కూడా చెప్పకుండా లాలాగూడ వెళ్లి, దండ వేసిన ఫోటో ముందు నిలబడి చెప్పాను. ఫోటోలో ఆవిడ భుజాల దాకానే ఉన్నారు. నాకు ఎటు వైపు నిలబడాలో తెలియలేదు.

ఆవిడ పోయిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. కాలేజీ నుంచి నేను వెళ్లేసరికి ముందు గదిలో పడుకోబెట్టారు. పసుపు పూసిన పాదాలు, మెట్టెలు. ఎవరో, "ముత్తైదువగ పోయింది, అదృష్టవంతురాలు," అంటున్నారు. ఆ మాటకి నా ఒళ్లు మండింది. ఏం అదృష్టం? నేను చెప్పాల్సింది వినకుండానే పోయారు. అలవాటు కొద్దీ కాళ్ల వైపే వెళ్లి కూర్చున్నాను.

బొటనవేళ్లు కలిపి కట్టి ఉన్నాయి. తెల్లటి దారం, సన్నటిది. వాచిన వేళ్లు కదా, దారం లోపలికి దిగిపోయి పైకి కనిపించడం కూడా లేదు. ఎంత గట్టిగా కట్టారో.

నా సంచిలో ఎప్పుడూ ఒక గాజుగుడ్డ చుట్ట, చిన్న కత్తెర ఉంటాయి. అవి తీస్తుంటే ఒక పెద్దావిడ వారించింది. "కట్టింది ఇప్పొద్దు తల్లీ, మంచిది కాదు." నేను ఆగిపోయాను. తలుపు దగ్గర కూర్చున్న అంకుల్ తలెత్తారు. "చెయ్యనియ్యుండ్రి. ఆ చెయ్యి ఆమె నేర్పిన చెయ్యే," అన్నారు.

పాదాలు రెండూ రెండు చేతులతో పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. ఎంతవరకు చల్లగా ఉన్నాయో చూడకుండా ఉండలేకపోయాను. చెయ్యి చీలమండ మీదికి, పిక్క మీదికి పోయింది. ఎక్కడా వెచ్చదనం మొదలవలేదు.

"అమ్మా, జెర వదులు చేస్తున్న," అన్నాను. ఆ మాట నా నోట ఆవిడ యాసలోనే వచ్చింది. దారం తెంచి, గాజుగుడ్డ పేలిక చుట్టి, కింద నా వేలు దూరేంత వదులుగా ముడి వేశాను. దారం దిగిన చోట వేళ్ల చుట్టూ గీత పడి ఉంది. బతికున్నవాళ్లకైతే కాసేపు రుద్దితే పోతుంది. నాకు తెలుసు, అయినా ఆవిడని తీసుకెళ్లడానికి మనుషులు లేచేదాకా ఆ గీత మీద బొటనవేలితో మెల్లగా రుద్దుతూనే కూర్చున్నాను.